గడియ ఉన్న గది

అశోకుడు బాటలు వేయించెను, బాటకిరువైపులా చెట్లు నాటించెను, సత్రములు కట్టించెను. ఈ మూడు వాక్యాలూ బట్టీ పట్టకుండా హైస్కూలు దాటినవాళ్లు మనలో ఎవరూ ఉండరు. చరిత్ర పాఠాలు చెప్పే ఉద్యోగంలో నేనూ వీటిని కొన్ని వందలసార్లు చెప్పి ఉంటాను. ఆ సత్రాల్లో ఆడవాళ్లు ఎక్కడ పడుకునేవాళ్లు, స్నానం ఎక్కడ చేసేవాళ్లు, తలుపుకి గడియ ఉండేదా అనే మాట మాత్రం ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. 17వ శతాబ్దం చివర మదురైని ఏలిన తెలుగు రాణి మంగమ్మ కూడా బాటలు వేయించింది, సత్రాలు కట్టించింది. మదురై రైల్వే స్టేషను ఎదురుగా ఆమె పేరుతో సత్రం ఉంది. అయినా పరీక్షలో ప్రశ్న మాత్రం అశోకుడి మీదే వస్తుంది.

ఈ ఆలోచన మళ్లీ ఎందుకు వచ్చిందంటే, 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమయింది. మా సత్యవేడు బస్టాండులో నిలబడితే తేడా కంటికి కనిపిస్తోంది. ఇదివరకు ఆసుపత్రికో పెళ్లికో తప్ప కదలనివాళ్లు కూడా బస్సెక్కుతున్నారు. కానీ చాలామంది పొద్దు గుంకేలోపల తిరిగి వస్తారు. బస్సుకి డబ్బు అక్కర్లేకపోయినా రాత్రికి గది కావాలి కదా. ప్రయాణంలో సగం ఖర్చు, సగానికి మించిన భయం ఆ గది దగ్గరే ఉన్నాయి.

సత్యవేడు గురించి రెండు మాటలు చెప్పాలి. మాది అంచున ఉన్న ఊరు. 1960 ఏప్రిల్ 1కి ముందు చెంగల్పట్టు జిల్లాలో ఉన్నాం. సరిహద్దుల మార్పు చట్టం వల్ల ఆ రోజు చిత్తూరు జిల్లాకి వచ్చాం, తిరుత్తణి అటు పోయింది. 2022లో తిరుపతి జిల్లా అయ్యాం. మద్రాసు, తిరుపతి మాకు ఇంచుమించు సమాన దూరం. మందుకీ మగ్గం చీరకీ మద్రాసు, మొక్కుకీ తలనీలాలకీ తిరుపతి. ఇప్పటి ఉచిత బస్సు రాష్ట్రం గీత దాటదు కాబట్టి ఈ రెండింట్లో ఒకటే ఉచితం.

తిరుపతికి పోయే దారి నాగలాపురం, పిచ్చాటూరు, నారాయణవనం, పుత్తూరు మీదుగా. నాగలాపురం శ్రీకృష్ణదేవరాయల తల్లి నాగలాంబ పేరుమీద వెలసిన ఊరంటారు. నారాయణవనంలో పద్మావతీదేవి పెళ్లి జరిగిందని స్థలపురాణం. పెళ్లయ్యాక కొత్త దంపతులు వెంటనే కొండెక్కకూడదని అగస్త్యాశ్రమంలో ఆరు నెలలు ఉన్నారట, అదే శ్రీనివాసమంగాపురం. ఆ మాట విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. అమ్మవారికైనా మొదట కావలసి వచ్చింది మంచి బసే!

మా అవ్వ ఈ దారిలో రెండెద్దుల బండిలో పోయిన మనిషి. తిరుమలకి మొదటి ఘాట్ రోడ్డు పడింది 1944లో. అంతకుముందు కొండ కాలినడకనో డోలీలోనో ఎక్కాలి కాబట్టి దారిలోనూ, కొండ కిందా, కొండ మీదా మూడుచోట్లా రాత్రులు గడపక తప్పేది కాదు. ఎవరింటి తిన్నె మీదో మూట దించడమే బస. "మొదట బాయి చూడు, ఆమైన దొడ్డి చూడు, దానికి మైన ఆ ఇంటి ఆడమనిషి మొగం చూడు" అనేది. ఈమధ్య హోటళ్ల గురించి జనం రాసే సమీక్షలు ఎన్ని చదివినా ఈ మూడింటికీ అదనంగా నాకు తెలిసింది తక్కువ.

ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రను మనం తొలి తెలుగు యాత్రాగ్రంథాల్లో ఒకటిగా గౌరవిస్తాం. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. దాదాపు వందమంది పరివారం. అందులో ఆడవాళ్లూ ఉన్నారు. ఆ పుస్తకాన్ని నేను బసల పట్టికగా చదువుతాను. ఏ ఊళ్లో సత్రం ఉంది, నీళ్లు మంచివా ఉప్పువా, అంగళ్లు ఉన్నాయా, బ్రాహ్మణ ఇళ్లు ఎన్ని - మజిలీ మజిలీకి ఆయన కన్ను వీటిమీదే. డేరాలు, బోయీలు, సరంజామా ఉన్న పెద్దమనిషికే బస అంత పెద్ద విషయమైతే, ఆయన వెంట నడిచిన ఆడవాళ్ల రాత్రులు ఎట్లా గడిచాయో! వాళ్లలో ఒకరి చేతిలో కలం ఉండుంటే ఆ పట్టికలో ఇంకో వరస ఉండేది. నలభై ఏళ్ల తర్వాత అలాంటి కలం ఒకటి వచ్చింది. మద్రాసు నుంచి 1873లో ఇంగ్లండు వెళ్లిన పోతం జానకమ్మ తన ప్రయాణం గురించి రాశారు, 1876లో అది ఇంగ్లీషు పుస్తకంగా కూడా వచ్చింది. కానీ ఆమె భర్తతో వెళ్లిన మనిషి. బస అడిగే పని ఆమెకి పడలేదు.

ఒంటరిగా బస అడిగిన స్త్రీ మా పాత చిత్తూరు జిల్లాలోనే ఉంది. వాయల్పాడు దగ్గర తరిగొండలో 1730లో పుట్టిన వెంగమాంబ. బాల్యంలోనే వితంతువయినా తల గొరిగించుకోవడానికి ఒప్పుకోని మనిషి. ఊరి పెద్దల వేధింపులు భరించలేక తిరుమల చేరింది. పద్యాలు, యక్షగానాలు రాసింది కాబట్టి సాహిత్య చరిత్రలో ఆమెకు చోటుంది. నన్ను కట్టిపడేసేది మాత్రం ఆమె ఇంటి కథ. సంప్రదాయ కథనం ప్రకారం కొండమీద ఆమెకి ఒక మఠాధిపతి చోటు ఇప్పించాడు. పక్కింటి అర్చకుడు ఆమెను సాధించి సాధించి వెళ్లగొట్టాడు. కొన్నేళ్లు తుంబురుకోనలో, అడవిలో ఉండిపోయింది. ఒంటరి స్త్రీకి కొండమీది గదికన్నా కోనలోని గుహ నయమనిపించింది! తర్వాత ఆమె కొండమీదికి తిరిగొచ్చి, వచ్చేపోయేవాళ్లకి చలిపందిళ్లు పెట్టింది, అన్నదానం నడిపింది. చోటు దొరకని మనిషే చోటు ఇచ్చే మనిషయింది. 2011లో తెరిచిన తిరుమల అన్నప్రసాద భవనానికి ఆమె పేరు పెట్టారు. రోజూ వేలమంది ఆ పేరు కింద తింటున్నారు. ఆమె ఎక్కడ తలదాచుకుందని ఎంతమంది అడుగుతారో తెలియదు.

సత్రాలను మరీ ముద్దు చేసుకోవలసిన పని లేదు. దానశాసనాల్లో పుణ్యం కనిపిస్తుంది, గడప దగ్గర కులం కనిపిస్తుంది. చాలా సత్రాలు ఫలానా కులస్థులకే. వంటగది బ్రాహ్మలకి వేరు, దళితులకి అసలు లోపలికే దారి లేదు. గోదావరి లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841-1909) వేళకాని వేళ వచ్చినవాళ్లకి కూడా వండిపెట్టిందని చెప్పుకుంటాం. నిజమే, గొప్ప మనిషి. ఆమెను అపర అన్నపూర్ణ అని పొగిడి ఊరుకోవడంతోనే నాకు పేచీ. అది రోజంతా పొయ్యి ముందు చేసే పని. హోటలు పెట్టినవాడికి ఆ పనికి డబ్బొస్తుంది, సీతమ్మకి బిరుదొచ్చింది.

రైలు రాకతో కొంత మారింది. 1890 రైల్వే చట్టంలో ఒక సెక్షను నాకు చాలా ఇష్టం. 1891 జనవరి 1 నుంచి ప్రయాణికుల రైలు ప్రతిదాంట్లో, అన్నిటికన్నా చవక తరగతిలో ఒక పెట్టె అయినా ఆడవాళ్లకు విడిగా ఉంచాలి. యాభై మైళ్లు దాటి పోయే బండి అయితే దాంట్లో మరుగుదొడ్డి ఉండాలి. రాణులకీ దొరసానులకీ కాదు, ఆఖరి తరగతి ఆడదానికి! మా అవ్వ చెప్పిన బావి, దొడ్డి చట్టపుస్తకంలోకి ఎక్కడం ఇదే అయ్యుంటుంది. ఆ తర్వాత స్టేషన్లలో ఆడవాళ్ల వెయిటింగ్ రూములు వచ్చాయి. మా తరం ఉద్యోగినుల్లో అసలైన లాడ్జి అదే. గోడకి బొగ్గుమసి, మూలన కుళాయి, తలుపు దగ్గర ఒక ఆయా. టిక్కెట్టు ఉంటే చాలు, ఎవరి భార్యవని అడగరు.

ఆ మాట అడిగింది లాడ్జి. 1984లో ఒక జిల్లా కేంద్రంలో సెమినారుకి వెళ్లాను. బస్సు ఆలస్యమై రాత్రి తొమ్మిది దాటింది. కౌంటరు వెనక మనిషి రిజిస్టరు నా వైపు తిప్పాడు. పేరు, వయసు, తండ్రి లేక భర్త పేరు, వచ్చిన పని, వెంట ఎవరు. చివరి గడిలో ఎవరూ లేరని రాశాను. ఆయన రిజిస్టరు మూసి, గదులు ఖాళీ లేవన్నాడు. వెనక బోర్డుకి పదకొండు తాళంచెవులు వేలాడుతున్నాయి, లెక్కపెట్టాను. ఆ రాత్రి బస్టాండులో నిమ్మకాయలు అమ్మే ఒకావిడ పక్కన కూర్చున్నాను. ఆమె గోనె సగం నాకు పరిచింది.

ఆ మనిషిని తిట్టుకుంటే సరిపోతుందా? ఆయన భయానికీ చరిత్ర ఉంది. పాతకాలంలో మగతోడు లేకుండా ఊరూరా తిరిగే హక్కు ఉన్నది దాదాపుగా కళావంతులకీ, సన్యాసినులకీ మాత్రమే. 1947లో మద్రాసు దేవదాసీ చట్టం, 1956లో వ్యభిచార నిరోధక చట్టం వచ్చాయి. మంచి ఉద్దేశాలతో వచ్చినవే. కానీ లాడ్జీల మీద దాడి అనే పోలీసు పని పెరిగి, ఒంటరి స్త్రీ అంటే కేసు అనే లెక్క కౌంటరు వెనక స్థిరపడింది. ఏ ఆడది 'అలాంటిది', ఏది కాదు అని తేల్చే అధికారం గుమస్తా చేతికొచ్చింది. 'అలాంటి' ఆమెకి మాత్రం రాత్రి నిద్ర అక్కర్లేదా అన్నది మన స్త్రీవాదులం కూడా ఆలస్యంగానే అడిగాం.

మరి రాజ్యాంగం ఏమంటోంది? 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణ రెండో క్లాజులో దుకాణాలు, రెస్టారెంట్లు, హోటళ్లు అని పేరుపెట్టి మరీ రాశారు. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు - వీటి కారణంగా ఏ పౌరుడికీ వాటిలోకి ప్రవేశం అడ్డుకోకూడదు. కులం విషయంలో 1955 అస్పృశ్యతా నేరాల చట్టం దీనికి పళ్లు పెట్టింది. హోటలు, ధర్మశాల, సరాయి అన్నిటినీ లెక్కలో వేసి శిక్షలు చెప్పింది. లింగం విషయంలో అలాంటి చట్టం రాలేదు. హక్కు ఉంది, దాన్ని పట్టుకుని కౌంటరు దగ్గర అరిచే ధైర్యం ఉన్నవాళ్లకి ఉంది. 2019 డిసెంబరులో మద్రాసు హైకోర్టు, పెళ్లికాని జంట హోటలు గదిలో ఉండటం నేరమేమీ కాదని చెప్పింది. 2025 జనవరిలో ఓయో సంస్థ మీరట్‌లో పెళ్లికాని జంటలకు గది నిరాకరించవచ్చని తన హోటళ్లకు చెప్పింది. తిరుమలలో ఆన్‌లైన్‌లో గది కావాలంటే కనీసం ఇద్దరు ఉండాలనే నియమం ఏళ్లపాటు ఉంది. మగవాళ్లకీ వర్తించేదే అది. ఉచిత డార్మిటరీలు ఉన్నాయి, వాటిలో లాకర్లు ఉన్నాయి, ఒంటరిగా పోయినప్పుడు నేను అక్కడే పడుకున్నాను, బాగానే నిద్రపట్టింది.

వర్జీనియా వుల్ఫ్ 1929లో రాసిన 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్' గురించి మనం ఎన్నో సభల్లో మాట్లాడుకున్నాం. గది గురించి మాట్లాడినంతగా ఆమె దాంతో కలిపి అడిగిన డబ్బు గురించి మాట్లాడం. రోజుకి వెయ్యి రూపాయల లోపు గదికి 2022 జూలై 18 వరకు జీఎస్టీ లేదు. ఆ రోజు నుంచి 12 శాతం పడింది. మత సంస్థల సత్రాలకు మాత్రం మినహాయింపు మిగిలింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏడున్నర వేల దాకా ఉన్న గదులకి 5 శాతం చేశారు. తొమ్మిది వందల గదిలో దిగే అంగన్‌వాడీ టీచరుకీ ఏడువేల గదిలో దిగే వ్యాపారికీ ఒకే రేటు! ఆడవాళ్లు చవక గది వెతికితే వాళ్లకి దొరికేది చాలాసార్లు బస్టాండు వెనక సందు, మొదటి అంతస్తు, కింద బారు. భద్రత కావాలంటే ఇంకో ఐదారువందలు. ఆ తేడాని నేను ఆడపుట్టుక పన్ను అంటాను. అది ఏ బిల్లులోనూ కనపడదు.

పన్ను తప్పించుకోవడానికి మనకున్న దారి స్నేహితురాలి ఇల్లు. 1902లో, తర్వాత భండారు అచ్చమాంబ ఊరూరా తిరిగి స్త్రీ సమాజాలు పెట్టించిందంటే, ఆ ఊళ్లలో ఆమెకి పరుపు వేసి అన్నం పెట్టిన ఇళ్లు ఉండబట్టే. ఆ ఇల్లాళ్ల పేర్లు చరిత్రలో లేవు. మన సాహిత్య సభలూ అంతే. బస ఉచితం అని కరపత్రంలో వేస్తాం. ఆ ఉచితం వెనక ఎవరి కోడలో తెల్లవారి ఐదింటికి ఇడ్లీపాత్ర ఎక్కిస్తుంది. నాకు యాభై దాటాక ఆ మర్యాద తీసుకోబుద్ధి కాలేదు. డబ్బిచ్చి గది తీసుకోవడంలో ఇంకో ఆడమనిషికి నిద్ర మిగులుతుంది.

బతుకుతెరువుకి వచ్చే ఆడపిల్లలకి ఈ ఎంపిక కూడా లేదు. 2008 తర్వాత మా మండలంలో శ్రీసిటీ లేచింది. సెల్‌ఫోన్లు బిగించే ఫ్యాక్టరీల్లో ఎక్కువమంది వాళ్లే. పక్క రాష్ట్రం శ్రీపెరుంబుదూరులో 2021 డిసెంబరులో ఫాక్స్‌కాన్ కార్మిక స్త్రీలు హాస్టలు తిండి తిని జబ్బుపడి రోడ్డెక్కేదాకా, వాళ్లు ఎలాంటి గదుల్లో ఎందరెందరు పడుకుంటున్నారో ఎవరికీ పట్టలేదు. ఉద్యోగినుల హాస్టళ్లకి కేంద్రప్రభుత్వ పథకం 1972-73 నుంచీ ఉంది.

తిరుపతిలో జవాబు పత్రాలు దిద్దడానికి ఏటా వెళ్లే మా లెక్చరర్ల దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. 1991లో మొదలుపెట్టాం. ఎవరు ఎక్కడ దిగితే అక్కడి సంగతి రాయాలని ఒప్పందం. తిరుపతి, చిత్తూరు, మద్రాసు, తర్వాత కాశీ, పూరీ కూడా చేరాయి. పేజీలు ఊడిపోయి దారంతో కుట్టాం. ఇప్పుడు నా దగ్గరుంది. ఒకచోట ఫిజిక్సావిడ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది: అద్దె ఎనభై. నీళ్లు ఆరింటికి ఆగిపోతాయి. మేనేజరు ఎక్కువ మాట్లాడతాడు. రెండో అంతస్తులో మూడో గది అడగండి, గడియ గట్టిది.