చిన్న జాతి కుక్కలలో హైపోథైరాయిడిజం

థైరాయిడ్ గ్రంథి శరీరానికి అవసరమైనంత హార్మోనును తయారు చేయలేని స్థితిని హైపోథైరాయిడిజం అంటారు. థైరాయిడ్ గ్రంథికి తెలుగులో అవటు గ్రంథి అని పేరు. కుక్కలకు వచ్చే వినాళ గ్రంథుల వ్యాధులలో ఇది ముఖ్యమైనది. సాధారణముగా నడివయసు కుక్కలలో మొదలై, నెలల తరబడి మెల్లగా ముదురుతుంది. సరిగా గుర్తించి మందు ఇస్తే వ్యాధి సోకిన కుక్క మామూలు జీవితము గడుపుతుంది.

ఈ వ్యాధిని గుర్తించడములో రెండు రకాల పొరపాట్లు జరుగుతుంటాయి. కుక్క మందకొడితనాన్ని ముసలితనముగా భావించి, చికిత్సకు లొంగే వ్యాధిని వదిలివేయడము మొదటిది. ఒక్క రక్తపరీక్షలో హార్మోను తక్కువగా కనిపించగానే ఈ వ్యాధేనని నిశ్చయించి, లోపల ఉన్న అసలు వ్యాధిని గమనించకపోవడము రెండవది. చిన్న జాతి కుక్కల విషయములో ఈ రెండవ పొరపాటును ప్రత్యేకముగా గుర్తుంచుకోవాలి.

గ్రంథి, దాని హార్మోనులు

కుక్క మెడలో స్వరపేటికకు కొంచెము దిగువన, వాయునాళానికి ఇరువైపులా ఒక్కొక్క తమ్మె చొప్పున ఈ గ్రంథి ఉంటుంది. మనుషులలో రెండు తమ్మెలను కలిపే వంతెన వంటి భాగము కుక్కలలో సాధారణముగా ఉండదు. ఆరోగ్యముగా ఉన్న కుక్క మెడను తడిమి చూస్తే ఈ గ్రంథి చేతికి తగలదు.

గ్రంథి ఎక్కువగా థైరాక్సిన్ అనే హార్మోనును విడుదల చేస్తుంది. దీనిని క్లుప్తముగా టి4 అంటారు. శరీర కణజాలాలలో ఇది మరింత చురుకైన టి3గా మారుతుంది. ఈ హార్మోనులు జీవక్రియ వేగాన్ని, శరీర ఉష్ణోగ్రతను, గుండె వేగాన్ని, చర్మము మరియు వెంట్రుకల పెరుగుదలను ప్రభావితము చేస్తాయి. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి టి.ఎస్.హెచ్. అనే మరొక హార్మోను ద్వారా థైరాయిడ్‌ను పనిచేయిస్తుంది. రక్తములో టి4 తగ్గినపుడు టి.ఎస్.హెచ్. పెరగడము సహజ ధర్మము. పరీక్షలలో ఈ రెండింటినీ కలిపి చూడడానికి కారణము ఇదే.

కారణాలు

కుక్కలలో 95 శాతానికి పైగా సందర్భాలలో లోపము థైరాయిడ్ గ్రంథిలోనే ఉంటుంది. ఇందులో రెండు విధాలు ముఖ్యమైనవి. మొదటి విధములో శరీర రక్షణ వ్యవస్థ తన సొంత గ్రంథినే పరాయిదిగా భావించి దాడి చేస్తుంది. లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు గ్రంథిలోకి చేరి దానిని క్రమముగా నాశనము చేస్తాయి. రెండవ విధములో స్పష్టమైన కారణము లేకుండానే గ్రంథి కణజాలము క్షీణించి, దాని స్థానములో కొవ్వు చేరుతుంది. గ్రంథిలో సుమారు నాలుగింట మూడు వంతులు పాడయ్యేవరకు బయటికి లక్షణాలు కనిపించవు. అందువల్ల వ్యాధి బయటపడే నాటికే అది చాలా కాలముగా ఉన్నదై ఉంటుంది.

ఇది అయోడిన్ కొరత వల్ల వచ్చే వ్యాధి కాదు. పెద్ద వయసులో వచ్చే ఈ వ్యాధికి అయోడిన్ ఉప్పు తినిపించడము చికిత్స కాదు. సల్ఫా మందులను కొన్ని వారాల పాటు వాడినపుడు కూడా గ్రంథి పని మందగిస్తుంది. మందు ఆపిన తరువాత తిరిగి కోలుకుంటుంది.

ఏ జాతులలో వస్తుంది

గోల్డెన్ రిట్రీవర్, డాబర్‌మన్ వంటి పెద్ద జాతులలో ఈ వ్యాధి ఎక్కువగా కనిపిస్తుంది. చిన్న, మధ్యరకపు జాతులలో డాష్‌హండ్, కాకర్ స్పానియల్, బీగిల్, మినియేచర్ ష్నాజర్ జాతుల పేర్లు తరచుగా వినిపిస్తాయి. అతి చిన్నవైన టాయ్ జాతులలో ఇది అరుదు. వ్యాధి ఎక్కువగా నాలుగు నుండి పది సంవత్సరాల వయసులో బయటపడుతుంది.

పుట్టుకతో వచ్చే హైపోథైరాయిడిజం వేరొక రకము. టాయ్ ఫాక్స్ టెర్రియర్ జాతిలో ఇది ఒక జన్యులోపము వల్ల వస్తుందని 2003లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. తల్లి నుండి, తండ్రి నుండి కూడా లోపమున్న జన్యువు వచ్చిన పిల్లలకే వ్యాధి సోకుతుంది. అటువంటి పిల్లలు తోటి పిల్లలకంటే పొట్టిగా, మందముగా ఉంటాయి; కళ్ళు ఆలస్యముగా తెరుస్తాయి; మెడ దగ్గర గ్రంథి వాచి ఉంటుంది. పొట్టితనము జాతి లక్షణమని పొరబడే అవకాశము ఉన్నందున, తోటి పిల్లలతో పోల్చి చూడడము మంచిది.

లక్షణాలు

ఏ ఒక్క లక్షణమూ ఈ వ్యాధికి మాత్రమే చెందినది కాదు. కొన్ని కలిసి కనిపించినపుడు అనుమానించాలి.

* మందకొడితనము: ఆటలపై ఆసక్తి తగ్గడము, ఎక్కువసేపు నిద్రపోవడము, మెట్లు ఎక్కడానికి వెనుకాడడము.
* బరువు పెరగడము: ఆహారము పెరగకపోయినా బరువు పెరుగుతుంది. అయితే వ్యాధి ఉన్న ప్రతి కుక్కా లావెక్కదు. లావుగా ఉన్న కుక్కలలో ఎక్కువ భాగానికి ఈ వ్యాధి ఉండదు.
* చలికి తట్టుకోలేకపోవడము: కుక్క వెచ్చని చోటును వెదుక్కుంటుంది. వేడి ప్రాంతాలలో ఈ లక్షణము శీతాకాలములోనో, చల్లని గదిలోనో తప్ప బయటపడదు.
* వెంట్రుకలు రాలడము: నడుము ఇరుపక్కలా సమానముగా రాలుతాయి. తోక బోసిపోయి ఎలుక తోకవలె కనిపించవచ్చు. మెడపట్టీ ఒరుసుకునే చోట ముందుగా పలచబడవచ్చు. సాధారణముగా దురద ఉండదు.
* కత్తిరించిన వెంట్రుకలు తిరిగి పెరగకపోవడము: వేసవిలో క్షవరము చేయించిన కుక్కలో దీనిని తేలికగా గమనించవచ్చు.
* చర్మము: పొడిబారడము, నల్లబడడము, మందముగా మారడము, చర్మానికి లేదా చెవులకు మాటిమాటికీ చీము పట్టడము. ముఖ చర్మము మందమైనపుడు కుక్క దిగులుగా ఉన్నట్లు కనిపిస్తుంది.
* గుండె, నాడులు: గుండె వేగము తగ్గడము. కొన్నిటిలో ముఖములో ఒక పక్క వాలిపోవడము, తల ఒక వైపుకు వంచి తూలడము, కాళ్ళు బలహీనపడడము.

మిక్సిడిమా కోమా ఈ వ్యాధిలో అరుదైనది, కానీ ప్రాణాపాయకరమైనది. కుక్క స్పృహ మందగించి, శరీరము చల్లబడి, గుండె, శ్వాస నెమ్మదిస్తాయి. కుక్క శరీర ఉష్ణోగ్రత మామూలుగా సుమారు 38.3 నుండి 39.2 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది. చల్లబడి, లేపినా లేవని కుక్కను ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చాలి.

పొరబడే వ్యాధులు

చిన్న కుక్కలలో వెంట్రుకలు రాలి, పొట్ట పెరిగినపుడు ముందుగా కుషింగ్ వ్యాధిని కూడా తలచుకోవాలి. అధివృక్క గ్రంథుల నుండి కార్టిసోల్ అధికముగా విడుదల కావడము వల్ల అది వస్తుంది. పూడిల్, డాష్‌హండ్, చిన్న టెర్రియర్ జాతులలో ఎక్కువ. కుషింగ్ వ్యాధిలో కుక్క నీళ్ళు విపరీతముగా త్రాగుతుంది, మూత్రము ఎక్కువగా పోస్తుంది, ఆకలి పెరుగుతుంది. హైపోథైరాయిడిజంలో ఈ మూడూ సాధారణముగా ఉండవు. పైగా కుషింగ్ వ్యాధి తానే రక్తములోని టి4ను తగ్గిస్తుంది. అందువల్ల టి4 ఒక్కటే చూసి థైరాయిడ్ మాత్రలు ఇస్తే, అసలు వ్యాధి చికిత్స లేకుండా ముదురుతుంది.

పొమెరేనియన్ జాతిలో హార్మోనుల లోపము ఏదీ కనబడకుండానే ఒంటిపై వెంట్రుకలు రాలిపోయే స్థితి ఒకటి ఉన్నది. దానిని అలోపీషియా ఎక్స్ అంటారు. ఆ కుక్క హుషారుగానే ఉంటుంది. గజ్జి పురుగులు, బూజు తెగుళ్ళు కూడా వెంట్రుకలను రాలుస్తాయి కాబట్టి చర్మ పరీక్ష తప్పనిసరి.

నిర్ధారణ

మొదట సాధారణ రక్తపరీక్షలు చేస్తారు. వ్యాధి ఉన్న కుక్కలలో సుమారు నాలుగింట మూడు వంతులలో కొలెస్ట్రాల్ పెరిగి ఉంటుంది. కొన్నిటిలో స్వల్ప రక్తహీనత ఉంటుంది. మినియేచర్ ష్నాజర్ జాతికి రక్తములో కొవ్వులు వంశపారంపర్యముగానే ఎక్కువగా ఉండవచ్చు కనుక, ఆ జాతిలో కొవ్వుల పెరుగుదలకు అంత ప్రాధాన్యము ఇవ్వరాదు.

తరువాత మొత్తము టి4ను కొలుస్తారు. టి4 మామూలుగా ఉంటే వ్యాధి దాదాపు లేనట్లే. టి4కు వ్యతిరేకముగా ప్రతిరక్షకాలు తయారైన కొన్ని కుక్కలలో మాత్రము ఫలితము తప్పుగా ఎక్కువ కనిపించవచ్చు. టి4 తక్కువగా ఉన్నంత మాత్రాన వ్యాధి ఉన్నదని చెప్పలేము. ఇతర జబ్బులు ఏవి తీవ్రముగా ఉన్నా టి4 తగ్గుతుంది. ప్రెడ్నిసోలోన్, మూర్ఛకు వాడే ఫినోబార్బిటాల్ వంటి మందులు కూడా దానిని తగ్గిస్తాయి. గ్రేహౌండ్, విప్పెట్ వంటి వేట జాతులకు ఆరోగ్యముగా ఉన్నపుడే టి4 తక్కువగా ఉంటుంది.

అందువల్ల లక్షణాలు సరిపోవడము, టి4 తగ్గడము, టి.ఎస్.హెచ్. పెరగడము, ఈ మూడూ కలిసినపుడు నిర్ధారణ బలపడుతుంది. వ్యాధి ఉన్న కుక్కలలో కొన్నిటికి టి.ఎస్.హెచ్. మామూలుగానే ఉంటుంది. అటువంటపుడు స్వేచ్ఛా టి4ను డయాలిసిస్ పద్ధతిలో కొలుస్తారు. థైరోగ్లోబులిన్ ప్రతిరక్షకాల పరీక్ష గ్రంథిపై దాడి జరుగుతున్నదని తెలుపుతుంది. గ్రంథి ఎంత పని చేస్తున్నదో తెలుపదు.

మనుషుల కొరకు తయారైన టి.ఎస్.హెచ్. పరీక్ష కుక్కలకు పనికిరాదు. రక్తనమూనాను కుక్కల టి.ఎస్.హెచ్. కొలిచే ప్రయోగశాలకు పంపాలి. వేరే జబ్బు ఉన్న కుక్కకు అది నయమైన తరువాత పరీక్ష చేయడము ఉత్తమము.

చికిత్స

చికిత్సకు వాడే మందు లెవోథైరాక్సిన్ సోడియం. ఇది కృత్రిమముగా తయారు చేసిన టి4. సాధారణముగా ప్రతి కిలో బరువుకు 20 మైక్రోగ్రాముల చొప్పున రోజుకు ఒకసారి గాని, రెండుసార్లు గాని నోటి ద్వారా ఇస్తారు. ఈ లెక్కన 5 కిలోల కుక్కకు ఒక్కో మోతాదు 100 మైక్రోగ్రాములు. 60 కిలోల మనిషికి రోజుకు వాడే మోతాదు కూడా దాదాపు ఇంతే. చిన్న కుక్కకు ఇంత మందా అని సందేహము కలగడము సహజము. కుక్క ప్రేగులు ఈ మందును తక్కువగా గ్రహిస్తాయి. గ్రహించినది కూడా త్వరగా శరీరము నుండి పోతుంది. రక్తములోని టి4 సగానికి తగ్గడానికి మనుషులలో సుమారు ఏడు రోజులు పడితే, కుక్కలలో ఒక రోజు కూడా పట్టదు. కనుక వైద్యుడు చెప్పిన మోతాదును భయపడి తగ్గించరాదు. అలాగే ఇంట్లోని పెద్దల మాత్రలను సొంతముగా కుక్కకు ప్రారంభించరాదు.

మందు ఇచ్చేటపుడు పాటించవలసిన విషయాలు:

* రెండు మూడు కిలోల కుక్కకు మోతాదులో చిన్న తేడా కూడా పెద్దదే. ముందుగా బరువును సరిగా తూచాలి.
* ఆహారము మందును గ్రహించడాన్ని తగ్గిస్తుంది. ఖాళీ కడుపుతో ఇస్తే ప్రతిరోజూ అలాగే, ఆహారముతో ఇస్తే ప్రతిరోజూ అలాగే ఇవ్వాలి.
* క్యాల్షియం, ఇనుము కలిగిన మందులను దీనితో కలిపి ఇవ్వరాదు.
* గుండె కవాటము బలహీనపడడము ముసలి చిన్న కుక్కలలో సాధారణము. అటువంటి కుక్కలకు, మధుమేహము ఉన్నవాటికి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి క్రమముగా పెంచుతారు. అధివృక్క గ్రంథుల లోపము కూడా ఉంటే ముందుగా దానికి చికిత్స చేయాలి.

చికిత్స మొదలైన నాలుగు నుండి ఎనిమిది వారాల తరువాత, మాత్ర ఇచ్చిన నాలుగు నుండి ఆరు గంటలకు రక్తము తీసి టి4ను చూస్తారు. మోతాదు కుదిరిన పిదప ఆరు నెలలకో, సంవత్సరానికో ఒకసారి పరీక్ష సరిపోతుంది. మందు ఎక్కువైతే కుక్క స్థిమితము లేకుండా తిరుగుతుంది, రొప్పుతుంది, నీళ్ళు ఎక్కువగా త్రాగుతుంది, చిక్కిపోతుంది, గుండె వేగము పెరుగుతుంది. అపుడు వెంటనే వైద్యునికి తెలియజేయాలి.

ఫలితాలు

హుషారు ఒకటి రెండు వారాలలోనే తిరిగి వస్తుంది. బరువు తగ్గడానికి సుమారు రెండు నెలలు, వెంట్రుకలు పూర్తిగా పెరగడానికి అనేక నెలలు పడుతుంది. మొదట్లో పాత వెంట్రుకలు మరింత రాలవచ్చు. దానిని చూసి మందు ఆపరాదు. నాడీ లక్షణాలు తగ్గడానికి కొన్ని నెలలు పట్టవచ్చు.

వెంట్రుకలు పెరిగినంత మాత్రాన నిర్ధారణ సరైనదని అనుకోకూడదు. థైరాక్సిన్ ఆరోగ్యముగా ఉన్న కుక్కలో కూడా వెంట్రుకల పెరుగుదలను ప్రేరేపిస్తుంది. నిర్ధారణపై అనుమానము ఉంటే, వైద్యుని సలహాపై మందు ఆపి, ఆరు నుండి ఎనిమిది వారాలు ఆగి మళ్ళీ పరీక్షించాలి. అంతకంటే ముందు చేస్తే, మందు వల్ల విశ్రాంతిలో ఉన్న ఆరోగ్యవంతమైన గ్రంథి కూడా లోపమున్నట్లే కనిపిస్తుంది.

చరిత్ర

1884లో మోరిట్జ్ షిఫ్ అనే శాస్త్రవేత్త, కుక్క పొట్టలో థైరాయిడ్ గ్రంథిని అమర్చితే మెడలోని గ్రంథిని తీసివేసినా అది బ్రతకగలదని చూపాడు. 1891లో ఇంగ్లండు వైద్యుడు జార్జ్ ముర్రే గొర్రె థైరాయిడ్ సారముతో ఒక రోగికి చికిత్స చేశాడు. 1914లో అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ కెండాల్ థైరాక్సిన్‌ను వేరుచేశాడు. చార్లెస్ హారింగ్టన్ 1926లో దాని నిర్మాణాన్ని కనుగొని, 1927లో జార్జ్ బార్జర్‌తో కలిసి కృత్రిమముగా తయారు చేశాడు. ఈనాడు మనుషులు, కుక్కలు వాడుతున్నది అదే హార్మోను.

పాడైన గ్రంథి తిరిగి బాగుపడదు. అందువల్ల నిర్ధారణ సరైనదైతే మందును జీవితాంతము వాడాలి. క్రమము తప్పక వాడిన కుక్క ఆయుష్షు ఈ వ్యాధి వల్ల సాధారణముగా తగ్గదు.