చేతిపనికి పట్టము

చిత్రకారుడు పరీక్షకు దేనిని చూపవలెను? వ్రాసిన కాగితములనా, గీసిన పటమునా? ఈ ప్రశ్న పైకి చిన్నదిగనే కనబడును. గణితమున ఎం.ఏ. పట్టమును గోరువాడు గణితమునే చేసి చూపుచున్నాడు. కాని కుంచెయో ఉలియో పట్టినవాడు విశ్వవిద్యాలయపు వాకిట నిలిచినపుడు, "నీ పని బాగున్నది, దానిని గురించి యేమి వ్రాసితివి?" అని యడుగుట చిరకాలము సాగినది. చేసిన పనియే పాండిత్యమునకు సాక్ష్యముగ జెల్లునను మాట యొక విశ్వవిద్యాలయమున అంగీకృతమై నూరేండ్లు మాత్రమే దాటినది. ఆ కథను ఇచ్చట చెప్పదలచితిమి. అందు మన కలంకారీవారి, సాలెవారి, కంచరివారి బిడ్డల భాగ్యము కూడ చిక్కుకొని యున్నది.

ఇంగ్లండు ప్రభుత్వము మొదటి డిజైను పాఠశాలను 1837లో లండను నగరమున సోమర్సెట్ హౌస్ నందు తెరచెను. అది కళాభిమానముచే పుట్టినది కాదు. ఫ్రెంచివారి సరకుల సొగసునకు బ్రిటిషు సరకు పోటీ నిలువలేకున్నదని వర్తకులు మొరపెట్టుకొనిరి; పార్లమెంటు విచారణ జరిపెను; పాఠశాల వెలసెను. విద్యార్థులు చిత్రకారులమగుదుమని యాశపడుదురేమో యను భయముచే మొదట నచ్చట మానవాకృతిని చిత్రించుట నేర్పనే లేదు! వస్త్రముపై లతలు, పింగాణిపై పువ్వులు గీసిన జాలునని పెద్దల తలంపు. ఆ పాఠశాలయే 1896లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్ అయ్యెను. తన పట్టములను తానే యొసగు నధికారము దానికి 1967లో గాని దొరకలేదు. అనగా పనివానికి పట్టము దక్కుటకు ఆ గడ్డపై నూటముప్పది యేండ్లు పట్టినవి. నేడు ఆ కళాశాల పట్టభద్రులైనవారికి పైచదువు చెప్పుటకే ప్రసిద్ధము.

అమెరికాలో ఈ పని మరియొక దారిని, మరింత త్వరగ జరిగెను. అయోవా విశ్వవిద్యాలయమున పట్టభద్రుల పైచదువులకు అధిపతియైన కార్ల్ సీషోర్ అనునతడు మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు. చిత్రము, శిల్పము, సంగీతరచన, కావ్యము మున్నగు సృజనములను సిద్ధాంతవ్యాసమునకు మారుగ స్వీకరింతుమని ఆ విశ్వవిద్యాలయము 1922లో ప్రకటించెను. ఆ దేశమున నిట్టి యంగీకారమునకు ఇదియే మొదలని చెప్పుదురు. చిత్రకారుడు తన చిత్రమును, శిల్పి తన శిలను పరీక్షకుల యెదుట నిలుపవచ్చునన్న మాట. పండితులును పనివారును ఒకే కప్పు క్రింద నుండవలెనని వారి యభిప్రాయము. ఆ సహవాసము సుఖముగనే సాగెనని చెప్పజాలము. పల్లెపట్టు జీవితమును చిత్రించిన గ్రాంట్ వుడ్‌కును, కళాచరిత్రము నభిమానించిన శాఖాధిపతికిని అచ్చట పొసగలేదు.

ఆ గ్రాంట్ వుడ్ శిష్యురాలే ఎలిజబెత్ కాట్లెట్. బానిసలుగ బ్రదికిన వారికి ఈమె మనుమరాలు. ఈమె నొక కళాశాల వారు నల్లజాతి పిల్ల యను కారణముచే చేర్చుకొనకపోగా, హోవర్డ్ విశ్వవిద్యాలయమున చదివి, కొంతకాలము బడిపంతులమ్మగ పనిచేసి, తరువాత అయోవాకు వచ్చెను. నీకు మిక్కిలి తెలిసిన దానినే చేయుమని గురువు చెప్పగా ఆమె సున్నపురాతిలో నల్లజాతి తల్లిని, బిడ్డను చెక్కెను. ఆ విగ్రహమే ఆమె సిద్ధాంతవ్యాసము. 1940లో ఆమెకు మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ పట్టము వచ్చెను. ఆ పట్టమును అచ్చట మొట్టమొదట పొందిన ముగ్గురిలో నామె యొకతె. శిల్పము నదే సంవత్సరము చికాగో నగరమున నల్లజాతివారి ప్రదర్శనలో ప్రథమ బహుమానము నందెను. ఇంతయు జరుగుచుండగ విద్యార్థుల వసతిగృహమున నామెకు చోటు లేదు. ఊరిలో వేరుగ నుండవలసి వచ్చెను. శిలను లోనికి రానిచ్చిరి. చెక్కిన చేతులను రానీయలేదు. 2017లో ఆ విశ్వవిద్యాలయమువారే యొక క్రొత్త వసతిగృహమునకు ఆమె పేరు పెట్టిరి. అప్పటికి ఆమె మరణించి అయిదేండ్లయినది.

ఇక మన దేశపు మాట. చెన్నపట్టణమున అలెగ్జాండర్ హంటర్ అను వైద్యుడు 1850లో తన పూనికపై నొక కళాపాఠశాలను పెట్టెను. కొలది యేండ్లకే ప్రభుత్వము దానిని తన చేతిలోనికి దీసికొనెను. ఈ దేశపు పనివారి నైపుణ్యమును వృద్ధి చేయుట దాని యుద్దేశము. 1898 ప్రాంతమున దాని నిర్వాహకుడైన చాటర్టన్ ఆ పాఠశాలలోనే అల్యూమినియముతో పాత్రలు చేయించుట కారంభించెను. మన వంటయిండ్లలోని సత్తుగిన్నెలకు తాత కళాపాఠశాల యనిన నేటివారికి నవ్వు వచ్చును గాని, అది నిజము. మా దృష్టిలో ఆ పాఠశాల తన మొదటి యుద్దేశమునకు మిక్కిలి చేరువగ నిలిచినది ఆ దినములలోనే. తక్కిన కాలమంతయు మద్రాసునందు గాని, కలకత్తా, బొంబాయిలందు గాని పనివారి బిడ్డలకై తెరచిన బడులనుండి వెలువడినవారిలో డ్రాయింగు మేష్టర్లును, కచేరీలలో నక్షాలు గీయువారును మెండు. ఇంగ్లీషు చదువున్న యిండ్ల పిల్లలు లోనికి వచ్చిరి. కులవృత్తివారు క్రమముగ వెలుపలికి జరిగిరి. దీనిని ఎవరును శాసించలేదు. ప్రవేశపు నియమములు, బోధనభాష, జీతపు ఆశ, ఈ మూడును చేరి యాపని చేసినవి.

అప్పటివారికి పట్టములు లేవు, ఉన్నవి డిప్లొమాలు. మన రాజమహేంద్రవరపు దామెర్ల రామారావు, ప్రిన్సిపాలు కూల్డ్రే దొర ప్రోత్సాహముతో బొంబాయి జె.జె. పాఠశాలకు పోయి చదివి, తిరిగివచ్చి యింటనే శిష్యులకు చిత్రకళ నేర్పెను. 1925లో చిన్నవయసుననే గతించిన ఆ మహాశయుడు, బ్రదికి యున్నను, ఏ విశ్వవిద్యాలయమునందును గణితాచార్యుని ప్రక్క కుర్చీ వేయించుకొనగల పట్టము కలవాడు కాడు.

ఆ కొరత బరోడాలో తీరెను. 1949లో మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయము వెలసినది. మరుసటి యేడే హంసా మెహతా గారు ఉపాధ్యక్షురాలుగ నుండగా లలితకళల విభాగ మేర్పడి, చిత్రలేఖన శిల్పములకు ఇతర శాస్త్రములతో సమానముగ పట్టము లొసగసాగెను. బేంద్రే, శంఖో చౌధురి, కె.జి. సుబ్రహ్మణ్యన్ మొదలగువారు అచ్చట గురువులు. సుబ్రహ్మణ్యన్ మద్రాసులో అర్థశాస్త్రము చదివి, శాంతినికేతనమున నందలాల్ బోసు నొద్ద నేర్చినవాడు. నేతను, బొమ్మలను, మట్టిపనిని చిత్రలేఖనమునకు తక్కువగ నెన్నడును చూడలేదు.

తెలుగునాట నుండి యచ్చటికి పోయినవారిలో కె. లక్ష్మాగౌడ్ గారు ముఖ్యులు. మెదకు మండలమున నిజాంపురములో 1940లో పుట్టి, హైదరాబాదు లలితకళాశాలలో డిప్లొమా పొంది, 1963 నుండి 1965 వరకు బరోడాలో సుబ్రహ్మణ్యన్ నొద్ద గోడచిత్రములును అచ్చుచిత్రములును అభ్యసించిరి. లోహపు రేకుపై గీతలను ఆమ్లముచే కొరికించి సిరా పూసి కాగితముపై నొత్తుట అచ్చట వారికి పట్టుబడిన విద్య. ఆ విద్యతో వారు తీసినవి బరోడా చిత్రములు కావు, తమ పల్లెలోని మేకలు, చెట్లు, కష్టజీవులైన స్త్రీపురుషులు. పైచదువు మనుష్యుని స్వస్థలమునుండి విడదీయునను నపవాదమునకు ఇంతకంటె మంచి సమాధానము మాకు తోచదు. 1988లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమున సరోజినీ నాయుడు పేర కళాశాల వెలసినపుడు, తెలుగువారికి ఇంటివద్దనే ఆ పట్టము దొరకు దారి యేర్పడెను. లక్ష్మాగౌడ్ గారును అచ్చట బోధించి, దాని కధిపతిగ నుండిరి.

సంతోషమే. కాని ఆ ద్వారమునందు కాలు మోపుటకు ముందుగ నొక పట్టముండవలెను; దానికి ముందు ఇంటరు, దానికి ముందు పదవ తరగతి. శ్రీకాళహస్తిలో కలంకారీ యింట పుట్టిన పిల్ల పదేండ్ల ప్రాయమున కరక్కాయలు దంచి పాలలో కలిపి గుడ్డ నానవేయుట నేర్చును. బెల్లమును తుప్పుపట్టిన యినుమును ఊరబెట్టిన నల్లనీరు ఎన్నినాళ్లకు పండునో వాసనచే చెప్పగలదు. పటికనీరు పూసినచోటనే యెరుపు నిలుచు నను రసాయనసూత్రము దాని చేతులకు తెలియును. వెదురుకలముతో నొక రామాయణఘట్టమును గీసి, ఉడికించి, స్వర్ణముఖిలో జాడించి, మరల రంగు వేయుటలో దాని యౌవనమంతయు గడచును. ఆ పిల్ల తాను గీసిన గుడ్డను పరీక్షకుల యెదుట పరచి పట్టమడిగినచో, మనవారు చూడబోవునది గుడ్డను కాదు, పదవ తరగతి కాగితమును.

వ్రాత యక్కరలేదని మేమనుట లేదు. తన పనిని గురించి ఆలోచించి చెప్పగలుగుట పనివానికి బలమే. అది లేనందుననే దళారి చెప్పినదే వెలగ, ప్రదర్శనకారుడు చెప్పినదే యర్థముగ వారు బ్రదికిరి. ఇంగ్లండున 1960లో కోల్డ్‌స్ట్రీమ్ సంఘము కళావిద్యార్థుల కాలమున నూటికి పదునైదు పాళ్లు చరిత్రాదులకు కేటాయించుమనినది. పదునైదు పాళ్లు వ్రాత కేటాయించుట వేరు, వ్రాత రానివానిని గడపదగ్గరనే నిలుపుట వేరు. చేరిన తరువాత తెలుగులో నేర్పవచ్చును, తెలుగులోనే వ్రాయనీయవచ్చును.

2022లో విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు వృత్తిలో పదునైదేండ్ల విశేషానుభవము కలవారిని, పట్టములు లేకున్నను, ఆచార్యులుగ నియమించుకొనవచ్చునని నియమము చేసిరి. కావున శ్రీకాళహస్తి పనివాడు నేడు ఎం.ఎఫ్.ఏ. తరగతికి గురువుగ పోవుటకు వీలున్నది. అదే తరగతిలో వాని కూతురు విద్యార్థినిగ కూర్చుండుటకు వీలులేదు. ఆ యిరువదేండ్ల పిల్లకు పదేండ్ల చేతిపని యున్నది. దానిని మొదటి పట్టమునకు సమానముగ నెంచి, గుడ్డను చూచి ప్రవేశమిచ్చు నియమమును మన రెండు తెలుగు రాష్ట్రముల విశ్వవిద్యాలయములలో నొక్కటియైనను మొదట చేయవలెనని మా కోరిక. అయోవాలో నది యొక ప్రకటనతో జరిగినది.