భుజం కీలు మార్పిడి తర్వాత నొప్పి నివారణ: స్థానిక మత్తుమందుల తులనాత్మక పరిశీలన

సారాంశం

భుజం కీలు మార్పిడి తర్వాత నొప్పి తగ్గించడానికి వాడే స్థానిక మత్తుమందులను, వాటిని ఇచ్చే పద్ధతులను ఈ వ్యాసం పోల్చి చూస్తుంది. ఏ మందు అన్నదానికంటే ఏ నరం దగ్గర, ఎంత మోతాదులో ఇచ్చామన్నదే పెద్దవయసు రోగి క్షేమానికి కీలకమని ప్రతిపాదిస్తుంది.

నేపథ్యం

ఈ ఆపరేషన్ ప్రధానంగా పెద్దవయసువారికి చేస్తారు. హైదరాబాదులోని మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఆసుపత్రులకు ఐటీ ఉద్యోగులు తమ తల్లిదండ్రులను తీసుకువస్తారు. ఆ వయసులో అరిగిన కీలుతోపాటు షుగరు, బీపీ, ఆయాసం కూడా ఉండవచ్చు.

మత్తు భద్రతపై చర్చ హైదరాబాదుకు కొత్త కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1888లోనూ 1889లోనూ, సర్జన్ ఎడ్వర్డ్ లారీ చొరవతో ఇక్కడ క్లోరోఫారం కమిషన్లు ప్రయోగాలు జరిపాయి. ముందు ఆగేది ఊపిరేనని, దాన్నే కనిపెట్టుకుని ఉండాలని తేల్చాయి. క్లోరోఫారం గుండె లయను నేరుగా దెబ్బతీయగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపాడు. నరాన్ని తిమ్మిరెక్కించడానికి భుజానికి ఇచ్చే బ్లాకులోనూ ఈ రెండు ప్రమాదాలనూ తూచాలి.

మందు, గుండె

లిగ్నోకేయిన్ త్వరగా పట్టి త్వరగా దిగిపోతుంది. బుపివకేయిన్ ప్రభావం సాధారణంగా 12 నుంచి 18 గంటలు ఉంటుంది. అయితే పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే గుండెకు ముప్పు. జార్జ్ ఆల్‌బ్రైట్ 1979లోనే దీనిపై హెచ్చరించాడు. రోపివకేయిన్‌తో ఆ ముప్పు తక్కువ, ప్రభావకాలమూ కొంత తక్కువే.

60 కిలోల రోగికి కిలోకు 3 మి.గ్రా. లెక్కన రోపివకేయిన్ గరిష్ఠ పరిమితి 180 మి.గ్రా. 0.5 శాతం మందు 10 మి.లీ. బ్లాకుకు వాడితే 50 మి.గ్రా. ఖర్చయినట్టే. సర్జన్ కోత చుట్టూ వేసే మందు మిగిలిన 130 మి.గ్రా.లోనే సరిపెట్టుకోవాలి. ఈ కూడిక ఆపరేషన్ మొదలుకాకముందే, సర్జన్, మత్తు డాక్టరు కలిసి వేసుకోవాలి.

చోటు, ఊపిరి

మెడ దగ్గర ఇచ్చే ఇంటర్‌స్కేలిన్ బ్లాక్ నొప్పిని బాగా అణుస్తుంది. కానీ పక్కనే ఉన్న ఫ్రెనిక్ నరానికి మందు పాకితే ఆ వైపు డయాఫ్రం చచ్చుబడుతుంది. ఆరోగ్యవంతులు దీన్ని తట్టుకుంటారు. ఆయాసం ఉన్నవారికి కష్టం. ఆర్థ్రోస్కోపీ రోగులపై 2008లో వెలువడిన అధ్యయనంలో 20 మి.లీ. రోపివకేయిన్ ఇచ్చిన అందరికీ డయాఫ్రం దెబ్బతింది. 5 మి.లీ. ఇచ్చినవారిలో అది 45 శాతానికి తగ్గింది. 24 గంటల నొప్పి నివారణలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కీలు మార్పిడిలో కోత పెద్దది కాబట్టి ఆ ఫలితాన్ని యథాతథంగా అన్వయించలేం. అయినా అల్ట్రాసౌండ్‌లో నరాన్ని చూస్తూ తక్కువ మందు ఇవ్వాలన్న పాఠం మాత్రం వర్తిస్తుంది.

భుజం కీలు స్పర్శలో దాదాపు 70 శాతం సుప్రాస్కాపులర్ నరానిదే. దాన్ని, యాక్సిలరీ నరాన్ని విడిగా తిమ్మిరెక్కిస్తే ఊపిరికి ఇబ్బంది బాగా తగ్గుతుంది. కీలు ముందుభాగానికి ఇతర నరాలూ వస్తాయి కనుక నొప్పి కొంత మిగలవచ్చు.

దీర్ఘకాల మందు

కొవ్వు బుడగల్లో పొదిగిన లిపోసోమల్ బుపివకేయిన్‌ను ఇంటర్‌స్కేలిన్ బ్లాకుకు వాడటానికి అమెరికా ఎఫ్‌డీఏ 2018లో అనుమతించింది. అయితే 9 ప్రయోగాలను, 619 మంది రోగులను కలిపి చూసిన 2021 నాటి సమీక్ష, నరాల బ్లాకుల్లో ఇది మామూలు బుపివకేయిన్ కంటే రోగికి తెలిసేంత మెరుగు కాదని తేల్చింది. మామూలు మందుకు డెక్సామెథసోన్ తోడైతే ప్రభావం కొన్ని గంటలు పెరుగుతుంది. రోజుల తరబడి ఉపశమనం కావాలంటే నరం పక్కన సన్నని గొట్టం ఉంచాలి. అది జారకుండా చూసుకునే సిబ్బందీ ఉండాలి.

ముగింపు

ఊపిరితిత్తులు బాగున్నవారికి తక్కువ మోతాదు ఇంటర్‌స్కేలిన్ బ్లాక్, ఆయాసం ఉన్నవారికి సుప్రాస్కాపులర్, యాక్సిలరీ బ్లాకులు తగినవి. ఉదయం 9 గంటలకు బుపివకేయిన్‌తో ఇచ్చిన బ్లాక్ రాత్రి 9కీ తెల్లవారుజాము 3కీ మధ్య దిగిపోతుంది. ఆలోపే పారాసిటమాల్ వంటి మాత్రలు పడాలి. ఆ వేళను డిశ్చార్జి కాగితంలో తెలుగులో రాసి, తోడున్న మనిషికి చదివి వినిపించడం చికిత్సలో భాగం కావాలి. దీనికి ఖరీదైన మందేమీ అక్కర్లేదు.