గోదావరీ జలచిత్రకారుఁడు దామెర్ల రామారావు

మహాకావ్యమునఁ దప్పక వర్ణింపవలసినవానిని బేర్కొనునపుడు దండ్యాచార్యుఁడు నగరము వెంటనే యర్ణవమును జెప్పినాఁడు. మన ప్రబంధకవు లీ నియమమును శ్రద్ధతోఁ బాలించిరి. కడలిని గన్నులారఁ జూడనివారును గడలిని వర్ణించిరి. కాని తెలుఁగుదేశమున నీటిని జూచి నీటిని నీరుగా వ్రాసిన చిత్రకారుఁ డెవఁడని యడిగినచో వెంటనే బదులు చెప్పుట కష్టము. మనకు సముద్రము తెలియక కాదు. మోటుపల్లి రేవునకు వచ్చు వర్తకులకుఁ గాకతి గణపతిదేవుఁడు 1244 లో నభయశాసన మిచ్చెను. అంతకు వేయేండ్లకుఁ బూర్వమే శాతవాహనుల నాణెములపై రెండు కొయ్యల యోడ ముద్రింపఁబడినది. అజంతా రెండవ గుహలోఁ బూర్ణావదానమునకు సంబంధించిన యోడ కలదు. దాని మూఁడు కొయ్యలును, నందలి కుండలును నేఁటికిని గుర్తింపవచ్చును. అచ్చట నోడయే ప్రధానము. నీ రా కథకు నిలువఁ జోటిచ్చుటకు మాత్ర మున్నది.

దీనికిఁ గారణము విష్ణుధర్మోత్తరమునందలి చిత్రసూత్రమునఁ గొంత దొరకును. నదులను వాహనములపై నిలిపి, పూర్ణకుంభములు చేతికిచ్చి, స్త్రీమూర్తులుగా వ్రాయవలెనని యొకచోట విధింపఁబడినది. సముద్రునకుఁ జేత రత్నపాత్రమును, ప్రభామండలమున్నచోట జలమును జెప్పఁబడినవి. వేఱొకచోట, అలలను, మంటలను, పొగను, ధ్వజములను వాయుగతి ననుసరించి వ్రాయఁగలవాఁడే చిత్రజ్ఞుఁడని యా గ్రంథమే పలుకుచున్నది. ఈ రెండు వాక్యములకు విరోధము లేదు. మొదటిది దేవాలయమునకు, రెండవది కంటికి. మన శిల్పులు మొదటిదానిని బట్టుకొని ద్వారశాఖలయందు గంగాయమునలను నిలిపిరి. రెండవది పుస్తకమున నిలిచిపోయినది. ఆ రెండవ వాక్యమును దెలుఁగునాఁటఁ గాగితముపై సార్థకము చేసినవారిలో దామెర్ల రామారావు ముఖ్యుఁడని నా యభిప్రాయము. అతఁ డా గ్రంథమును జదివెనని నేను జెప్పుటలేదు.

ఈ విషయమున వ్యాకరణపండితులు ముందుగాఁ దమ తప్పు నొప్పుకొనవలెను. మాకు నది యనఁగా బాణిని యీకారాంతములు నూకారాంతములు నగు స్త్రీలింగశబ్దముల కిచ్చిన సంజ్ఞ. నేనును జిరకాల మా నదిలోనే యీఁదితిని. మా రుద్రూరునకుఁ బడమటి దిక్కున మంజీర పాఱుచున్నది; 1931 లో ముగిసిన నిజాంసాగరము దాని నీటినే మా చేలకుఁ బంచుచున్నది. నది నెదురుగా నుంచి మా పిల్లలను వర్ణన వ్రాయుఁడనఁగా నందఱును హంసలను, కమలములను వ్రాసిరి. తీరమునఁ గొంగ లున్నవి, ఇసుక యున్నది, ఎఱ్ఱని వఱదనీరున్నది. అవి యెవనికిని గనఁబడలేదు. తప్పు పిల్లలది కాదు. వారికిఁ బాఠము చెప్పినవాఁడను నేను.

ఆ మంజీర కందకుర్తికడ గోదావరిలోఁ గలియును. ఆ నీరు పాపికొండల నడుమ నిఱుకున సాగి, పోలవరము దాఁటిన పిమ్మట నొక్కసారిగా విప్పారి, రాజమహేంద్రవరమున నఖండగోదావరియై కడలివలెఁ గనఁబడును. అచ్చటి వెడల్పునకు 1900 లో రాకపోకలు ప్రారంభమైన హేవ్‌లాక్ వంతెనయే సాక్షి. దానికిఁ గావలసివచ్చిన గడులు 56. ధవళేశ్వరమున దిగువ నది పాయలై సముద్రమును జేరును. ఈ తీరముననే 1897 మార్చి 8 వ తేదీన రామారావు జన్మించెను.

అచ్చటి ప్రభుత్వ కళాశాలాధ్యక్షుఁడు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర యతని చేతివ్రాలు చూచి ప్రోత్సహించెను. ఆయన స్వయముగా నీటిరంగుల చిత్రకారుఁడు. 1924 లో వెలువడిన తన దక్షిణదేశస్మృతుల గ్రంథమునకుఁ దానే చిత్రములు వ్రాసికొనెను. పిమ్మట రామారావు బొంబాయి జె. జె. కళాశాలలో విద్యముగించి, స్వస్థలమునకు వచ్చి చిత్రకళాశాలను స్థాపించెను. 1925 ఫిబ్రవరి 6 వ తేదీన మశూచికము వలన మరణించెను. ఇరువదియెనిమిదేండ్లు నిండలేదు. భార్య సత్యవాణియు, సోదరి బుచ్చికృష్ణమ్మయుఁ జిత్రకర్త్రులే. మిత్రుఁడు వరదా వెంకటరత్న మాతని పాఠశాలను నిలిపెను.

అతని కీర్తి 'సిద్ధార్థ రాగోదయము', 'పుష్పాలంకారము', 'నందిపూజ' మొదలగు మూర్తిచిత్రములపై నిలిచియున్నది. వానిని దక్కువచేయుట నా యుద్దేశము కాదు. అయినను వానియందు రేఖ యజంతాకు, దేహనిర్మాణజ్ఞానము బొంబాయికి ఋణపడియున్నవని పరీక్షకులు చూపఁగలరు. తూర్పుకనుమల నడిమి గోదావరిని జూచి వ్రాసిన చిత్రమునకు నట్టి పూర్వకథ లేదు. పురాణము లేదు, నాయిక లేదు, వాహనము లేదు. నదియే వస్తువు. మన చిత్రచరిత్రలో నిది సామాన్యమైన మార్పు కాదు.

ఇది యాంగ్లేయుల పద్ధతియే కదా, కూల్డ్రే దొర నేర్పినదే కదా యని యొకరు పూర్వపక్షము చేయవచ్చును. పద్ధతి వారిదే, ఒప్పుకొందము. శార్దూలవిక్రీడితము సంస్కృతమునుండి వచ్చినదని నన్నయ్య పద్యము తెలుఁగు కాకపోవునా? ఛందస్సు వేఱు, పలుకు వేఱు. ఇంగ్లండు నదికి మన శ్రావణమాసపు టెఱ్ఱనీరు లేదు, మాఘమాసమున మేటవేయు నిసుకతిన్నె లేదు. గోదావరిని వ్రాయఁ గూర్చున్నవాఁడు రంగుల నచ్చటనే వెదకికొనవలెను.

నీటిరంగుల పని యాశుకవిత్వము వంటిది. నూనెరంగులలోఁ దప్పు వ్రాసినచో దానిపై మఱల వ్రాయవచ్చును. నీటిరంగులలో నట్లు కుదురదు. మెఱుపు కావలసినచోటఁ దెల్లరంగు పూయరు. కాగితము నచ్చటఁ దాఁకకుండ విడిచెదరు. నీటిపై వెలుఁగు గీయఁబడినది కాదు, విడువఁబడినది. గాలి మాఱకముందే చేయి ముగింపవలెను. చిత్రసూత్రకారుఁడు వాయుగతి ననుసరించి యనుటలోని కష్ట మిదియే.

అతని పనిలో 34 నూనెరంగుల చిత్రములు, 129 నీటిరంగుల చిత్రములు, 250 రేఖాచిత్రములు, 28 చిత్తుపుస్తకములు లెక్కింపఁబడినవి. ఈ లెక్కయే యతని మనస్సెక్కడ నున్నదో కొంత చెప్పుచున్నది. కాని విమర్శకులు మొదటి సంఖ్యను బట్టియే తఱచు వ్రాసిరి. కాగితముపై వ్రాసినది నూనెరంగువలె నిలువదు. వెలుతురున నుంచినచో రంగు వెలియును, తేమనుంచినచో మచ్చలు పడును. చూపుటయే చెఱుపైన వస్తువును జూపకయుఁ గాపాడవలసిన చిక్కు దీనియందుఁ గలదు. తాళపత్రముల నెత్తివ్రాయించిన పరిషత్తుల వారికి నీ బాధ క్రొత్తది కాదు.

కాఁబట్టి తీరవాసులగు పండితులకు నొక విన్నపము. రామారావు ప్రకృతిచిత్రములకు స్థలనిర్ణయము చేయవలసియున్నది. ఏ చిత్రము పోలవరమునకెగువది, ఏది కోటిలింగాల రేవుది, ఏది ధవళేశ్వరమునకు దిగువది యను పట్టిక యొకటి, ప్రతికృతులతోఁ గూడ, సిద్ధము కావలెను. ఇసుకతిన్నెలు మాఱును, రేవులు మాఱును. హేవ్‌లాక్ వంతెనపై రైళ్లు 1997 లోనే నిలిచినవి. పాతతీరమును బోల్చిచెప్పఁగల వృద్ధులు మీ యూళ్లలో నింకను గొందఱుందురు. వారిని ముందుగా నడుగుఁడు.