నయీం తర్వాత ఇంకో నయీం ఎందుకు రాలేదు?

మాఫియా అనగానే మనకి గాడ్‌ఫాదర్ గుర్తొస్తుంది. తండ్రి కుర్చీలో కొడుకు. న్యూయార్క్ జెనోవీస్ కుటుంబం ఇంకో ఆకు ఎక్కువే చదివింది. 1980ల్లో టోనీ సలెర్నోని బాస్‌గా ముందు నిలబెట్టింది. అసలు బాస్ విన్సెంట్ జిగాంటే మాత్రం పిచ్చివాడిలా నటిస్తూ బాత్‌రోబ్‌లో వీధుల్లో తిరిగేవాడు. మన భాషలో ఫ్రంట్ ఎండ్, బ్యాక్ ఎండ్ అన్నమాట.

సరే, మన నల్గొండకొద్దాం. భువనగిరి నయీముద్దీన్ మొదట నక్సలైటు. 1993లో ఎల్బీ స్టేడియంలో జరిగిన ఐపీఎస్ అధికారి వ్యాస్ హత్య కేసులో నిందితుడు. తర్వాత ఆ పోలీసులకే ఇన్‌ఫార్మర్! మాజీ మావోయిస్టు సాంబశివుడు (2011), ఆయన సోదరుడు రాములు (2014) హత్యల్లో వేళ్లన్నీ ఇతని వైపే చూపాయి. ఆపైన భూముల సెటిల్‌మెంట్లు, బినామీ ఆస్తులు.

2016 ఆగస్టు 8న, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్‌లో ఎన్‌కౌంటర్ అయ్యాడు. ఇంట్లోవాళ్లు అరెస్టయ్యారు. కుడిభుజం అని పేరున్న అనుచరుడు 2022లో పట్టుబడ్డాడు. కుర్చీ మాత్రం ఎవరికీ రాలేదు.

ఎందుకంటారా? ఆస్తి వారసులకి రాయొచ్చు, అభయం రాయలేం. ఏళ్ల తరబడి ఇతన్ని పట్టుకోకుండా ఉంచిన శక్తి ఇతనిది కాదు, అరువు తెచ్చుకున్నది. 2017లో ఐదుగురు పోలీసు అధికారుల్ని సస్పెండ్ చేశారు, తర్వాత ఎత్తేశారు.

ఫ్రంట్ ఎండ్ డిలీట్ చేసి బగ్ ఫిక్సయిందంటే మన మేనేజర్ ఊరుకుంటాడా? మరి మనమెందుకు ఊరుకున్నాం?