సువర్ణరేఖ ఒడ్డున తెలుగు పంచాంగం

తిథి, వార, నక్షత్ర, యోగ, కరణాలనే ఐదు అంగాల సమాహారం పంచాంగం. వీటిని ఒక వ్రతానికో శుభకార్యానికో అన్వయించాలంటే స్థలనిర్దేశం కూడా తప్పనిసరి. స్వస్థలం విడిచి దూరప్రాంతం చేరిన కుటుంబం పంచాంగ గ్రంథాన్ని వెంట తీసుకుపోగలదు గాని, అది గణించబడిన ఊరి సూర్యోదయాన్ని తీసుకుపోజాలదు. ప్రవాసాంధ్రుల సాంస్కృతిక చరిత్రలో అంతగా చర్చకు రాని ఈ సమస్యను పరిశీలించడానికి జంషెడ్‌పూర్ నగరం, అందులోను సువర్ణరేఖా నదీతీరాన ఉన్న భుయ్యాడీహ్ ప్రాంతం, తగిన ఉదాహరణలు.

టాటా ఇనుము, ఉక్కు సంస్థ 1907లో ఏర్పడింది. సాక్చి గ్రామం వద్ద నిర్మించిన కర్మాగారంలో 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు దిమ్మె తయారయింది. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని నామకరణం చేశాడు. నాటి మద్రాసు రాజధానిలోని గంజాం, విశాఖపట్టణం జిల్లాల నుండి తెలుగువారు ఖరగ్‌పూర్ మీదుగా రైలులో ఇక్కడికి ఉపాధికై తరలివచ్చారు. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామమందిరం వారి సామాజిక జీవనానికి కేంద్రాలలో ఒకటిగా రూపొందింది. కర్మాగారానికి చేరువగా ఉన్న భుయ్యాడీహ్ వంటి బస్తీలలో బెంగాలీ, ఒడియా, బీహారీ కుటుంబాల ఇరుగుపొరుగున తెలుగు కుటుంబాలు కూడా జీవిస్తూ వచ్చాయి.

ఈ వలస ఆరంభమైన కాలం మరొక కారణంగా కూడా గమనార్హం. 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా భారత ప్రామాణిక కాలం 1906 జనవరి 1న అమలులోకి వచ్చింది. అంతకుముందు ఏ ఊరి పొద్దు ఆ ఊరిదే. పొరుగున ఉన్న కలకత్తా నగరం 1948 వరకు తన స్థానిక కాలాన్నే పాటించింది. కాగా ఎనిమిది గంటల పనిదినాన్ని 1912లోనే ప్రవేశపెట్టిన ఉక్కు కర్మాగారంలో బ్రతుకంతా గడియారం ముల్లుతో ముడివడింది. పల్లెలో పొద్దును చూసి వేళ చెప్పుకొన్న రైతుబిడ్డ ఇక్కడ షిఫ్టును బట్టి వేళ చెప్పుకోవడం నేర్చుకున్నాడు.

పంచాంగమూ ఈ మార్పుకు లోనయింది. పూర్వపు పంచాంగాలలో తిథి ముగిసే వేళను సూర్యోదయం మొదలు ఘడియలు, విఘడియలుగా ఇచ్చేవారు. ఘడియ అంటే 24 నిమిషాలు. తరువాత గంటలు, నిమిషాలు వాటి స్థానాన్ని ఆక్రమించాయి. ఈ పరివర్తన ప్రవాసులకు ఒక విధంగా మేలు, మరొక విధంగా కీడు చేసింది. తిథి, నక్షత్రం, యోగం, కరణం, నక్షత్రాన్ని అనుసరించే వర్జ్యం – ఇవి సూర్యచంద్రుల స్థితిగతుల వల్ల ఏర్పడేవి; ఇవి ముగిసే క్షణం దేశమంతటా ఒక్కటే. ఘడియల పంచాంగాన్ని తన ఊరి సూర్యోదయం నుండి లెక్కించే ప్రవాసికి ఇవి తప్పేవి. గంటల పంచాంగంలో అవే సరిపోతాయి. లగ్నం, దుర్ముహూర్తం, రాహుకాలం అలా కాదు. అవి స్థానిక సూర్యోదయానికి కట్టుబడినవి. ఘడియల లెక్కలో అవి దాదాపు సరిపోయేవి. ముద్రితమైన గంటల లెక్కను యథాతథంగా గ్రహిస్తే తప్పుతాయి.

భేదం ఎంతటిదో విజయవాడకు గణించిన పంచాంగాన్ని ఉదాహరణగా తీసుకొని చూడవచ్చు. విజయవాడకు జంషెడ్‌పూర్ సుమారు 5½ డిగ్రీలు తూర్పున ఉన్నది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున ఇది 22 నిమిషాల దేశాంతరం. మార్చి మూడవ వారంలో జంషెడ్‌పూర్‌లో సూర్యుడు సుమారు 5 గంటల 50 నిమిషాలకే ఉదయిస్తే, విజయవాడలో 6 గంటల 10 నిమిషాలు దాటాలి. ఆ నడుమ 6 గంటలకు అమావాస్య ముగిసిందనుకుందాం. విజయవాడలో ఆ సూర్యోదయానికి పాడ్యమి ఉన్నది. జంషెడ్‌పూర్‌లో ఇంకా అమావాస్యే. ఉదయ తిథిని ప్రమాణంగా గ్రహిస్తే రెండు ఊళ్లలో ఉగాది వేరు వేరు దినాలలో వస్తుంది. అక్షాంశ భేదం వల్ల ఈ అంతరం ఏడాది పొడవునా ఒకే తీరున ఉండదు. జూన్ మూడవ వారంలో సుమారు 35 నిమిషాలకు పెరుగుతుంది. డిసెంబరులో సుమారు 10 నిమిషాలకు తగ్గుతుంది.

రాహుకాలం పగటి ప్రమాణంలో ఎనిమిదవ వంతు. సోమవారం ఏడున్నర నుండి తొమ్మిది అని తెలుగు ఇళ్లలో కంఠస్థంగా చెప్పుకొనే లెక్క ఆరింటికి సూర్యోదయం, ఆరింటికి సూర్యాస్తమయం అయ్యే పగటికి చెందినది. జూన్ మూడవ వారంలో జంషెడ్‌పూర్ పగలు పదమూడున్నర గంటలు. సోమవారపు రాహుకాలం అక్కడ సుమారు 6 గంటల 43 నిమిషాలకు మొదలై 8 గంటల 24 నిమిషాలకు ముగుస్తుంది. కంఠస్థమైన లెక్కను నమ్మి ఏడు గంటలకు ప్రయాణమైనవాడు తాను తప్పించుకొనదలచిన కాలంలోనే గడప దాటుతాడు. వివాహ ముహూర్తంలో ఇది మరింత సూక్ష్మమైన విషయం. నవాంశ అంటే 3 డిగ్రీల 20 నిమిషాల పరిమితి గల లగ్నభాగం. అది సగటున 13 నిమిషాలలో గడచిపోతుంది. స్వగ్రామం నుండి ముహూర్తపత్రికలో వచ్చిన వేళకే జీలకర్ర–బెల్లం పెడితే, జ్యోతిష్కుడు ఏరి కోరి నిర్ణయించిన నవాంశ అప్పటికే దాటిపోయి ఉంటుంది.

ఇంతకన్న బాధాకరమైన పొరపాటుకు మరొక కారణం ఉన్నది. తెలుగువారిది అమాంత మాసం. బీహారు మొదలైన ఉత్తరాది ప్రాంతాలవారిది పూర్ణిమాంత మాసం. శుక్లపక్షంలో ఉభయుల మాసనామం ఒక్కటే. కృష్ణపక్షం రాగానే వారు తరువాతి మాసం పేరు చెబుతారు. తెలుగువారి శ్రావణ బహుళ అష్టమి వారికి భాద్రపద కృష్ణ అష్టమి. ఇరువురూ కృష్ణజన్మాష్టమిని జరుపుకొనేది మాత్రం ఒకే కాలంలో. పండుగలలో పేరు మారినా చిక్కు లేదు. పితృకార్యంలో ఉన్నది. భుయ్యాడీహ్‌లో సువర్ణరేఖ ఒడ్డున శ్మశానఘట్టం ఉన్నది. శ్రావణ బహుళ ఏకాదశినాడు అక్కడ తండ్రికి అంత్యక్రియలు జరిపిన కుమారుడు, మరుసటి ఏడు ఆ మాస తిథులను మాత్రమే చెప్పి స్థానిక పురోహితుని ఆశ్రయించాడనుకుందాం. పూర్ణిమాంత లెక్కన శ్రావణ కృష్ణ ఏకాదశి నెల ముందుగానే వచ్చిపోతుంది. ఆబ్దికానికి తిథి అపరాహ్ణవ్యాప్తి కలిగి ఉండాలని శాస్త్రం అంతటి సూక్ష్మత పాటిస్తుండగా, మాసమే తప్పిపోవడం ఎంతటి లోపమో వేరుగా చెప్పనక్కరలేదు. మరణతిథిని వ్రాసుకొనేటప్పుడు ఆంగ్ల తేదీని, అమాంతమన్న మాటను చేర్చడం ఒక్కటే దీనికి నివారణ.

స్వతంత్ర భారత ప్రభుత్వం ఇటువంటి వైవిధ్యాన్ని శాస్త్రీయంగా పరిశీలింపజేసింది. మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో నియమితమైన పంచాంగ సంస్కరణ సంఘం 1955లో నివేదిక సమర్పించింది. 1957 మార్చి 22న, శక సంవత్సరం 1879 చైత్రం 1న, జాతీయ పంచాంగం అమలులోకి వచ్చింది. 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం, ఉజ్జయిని అక్షాంశమైన 23 డిగ్రీల 11 నిమిషాలు కలిసే బిందువును గణనకు కేంద్రంగా గ్రహించారు. ఆ ప్రమాణంతో వెలువడే రాష్ట్రీయ పంచాంగానికి తెలుగు ప్రతి కూడా ఉన్నది. జంషెడ్‌పూర్ అక్షాంశం 22 డిగ్రీల 48 నిమిషాలు, అంటే దాదాపు ఉజ్జయిని అక్షాంశమే. కనుక ఆ కేంద్రబిందువు సూర్యోదయ కాలంలో 15 నిమిషాలు తగ్గిస్తే ఏడాది పొడవునా జంషెడ్‌పూర్ సూర్యోదయం ఇంచుమించుగా లభిస్తుంది. విజయవాడ లెక్కను సవరించడంకన్న ఇది సులభం. అయినా తెలుగు ఇంట గోడకు వేలాడే పంచాంగం స్థానాన్ని మరొకటి ఆక్రమించడం తేలిక కాదు. ఆ పుస్తకంలో గణితంతోబాటు కందాయ ఫలాలు, ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు ఉంటాయి. సొంత ఊరి భాష ఉంటుంది.

సముద్రాలు దాటిన తెలుగువారికి ఈ సమస్య మరింత పెద్దది. మారిషస్ కాలం మన కాలానికి గంటన్నర వెనుక. దక్షిణార్ధగోళం కనుక అక్కడ డిసెంబరులో పగలు దీర్ఘం, జూన్‌లో హ్రస్వం. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో 1970ల దశకంలో వేంకటేశ్వరాలయం నెలకొన్నది. అక్కడి సూర్యోదయం మనకు సాయంకాలం. ఇక్కడ సూర్యోదయానికి ఉండి మధ్యాహ్నానికి ముగిసే తిథి అక్కడ ముందు తేదీకే చెందుతుంది. జంషెడ్‌పూర్‌లో 22 నిమిషాలుగా కనిపించిన ప్రశ్నే అక్కడ ఒక దినమై నిలుస్తుంది.

స్థలానికి తగినట్లు పంచాంగాన్ని సవరించుకోవడం సంప్రదాయభంగం కాదు. సిద్ధాంత గ్రంథాలు లంకా–ఉజ్జయిని రేఖను ప్రధానంగా గ్రహించి, ఇతర ప్రదేశాలకు దేశాంతర, చర సంస్కారాలను విధించాయి. నిత్యం చేసే సంకల్పంలోనూ ద్వీపం, వర్షం, శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నదీ, సమీపాన ఏ నది ఉన్నదీ చెప్పిన తరువాతనే సంవత్సరం, మాసం, తిథి చెబుతారు. జంషెడ్‌పూర్ తెలుగువాడు శ్రీశైలానికి ఈశాన్య ప్రదేశమని చెప్పి, గోదావరికి బదులు సువర్ణరేఖను స్మరించినప్పుడు తాను నిలిచిన నేలను ఒప్పుకొంటున్నాడు. ఆ నేల మీది సూర్యోదయాన్ని కూడా ఒప్పుకొని తిథిని, ముహూర్తాన్ని నిర్ణయించుకోవడం ఆ సంకల్పానికి అనుగుణమైన ఆచరణే అవుతుంది.