పొత్తిగుడ్డలు ఉతికిందెవరు?

కానుపు దగ్గర పడుతోందంటే తెలుగిళ్లలో పెద్దవాళ్లు ముందుగా వెతికేది పాత పంచెలు, బాగా నలిగిన నూలు చీరలు. ఏళ్ల తరబడి కట్టి, వందలసార్లు ఉతికి, గంజి ఆనవాలు కూడా మిగలని గుడ్డయితేనే పసికందు ఒంటికి పనికొస్తుంది. కొత్త నూలుకు సహజంగానే కాస్త మైనం అంటుకుని ఉంటుంది. నాలుగైదు ఉతుకులు పడి అది వదిలేదాకా గుడ్డ తడిని సరిగా పీల్చదు, పైగా ఒరుసుకుంటుంది. బారసాల దాకా బిడ్డకు కొత్తబట్ట తొడగని ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆచారమని చెప్పుకున్నా, ఆ జాగ్రత్తకు నూలుగుడ్డ గుణం తెలిసిన అనుభవం తోడుంది. ఇవాళ దుకాణాల్లో దొరికే గుడ్డ డైపర్ల డబ్బాల మీద కూడా వాడే ముందు కొన్నిసార్లు ఉతకమనే రాసి ఉంటుంది.

పంచెను కత్తెరతో కత్తిరించకుండా పోగు వెంబడి సర్రున చింపేవారు. అంచు మడిచి కుట్టేవారు కాదు, కుట్టుంటే లేత తొడకు గీసుకుంటుందని. చదరపు ముక్కను మూలకు మూల కలిపి ముక్కోణంగా మడిచి నడుము దగ్గర ముడేస్తే అదొక పద్ధతి. పొడుగాటి పేలికను ముందూ వెనకా మొలతాట్లో దోపి గోచి పెడితే అదొకటి. పగటిపూట చాలామంది పిల్లలకు ఆ గోచీ కూడా ఉండేది కాదు. పాలు తాగిన కాసేపటికి అమ్మమ్మో నాయనమ్మో కాళ్లు చాపుకుని, రెండు పాదాల మధ్య బిడ్డను కూర్చోబెట్టి "శ్శ్... శ్శ్..." అంటే పని అయిపోయేది. నెలల పిల్లలకు కూడా ఆ శబ్దం అలవాటవుతుంది. దానివల్ల తడిసే గుడ్డలు బాగా తగ్గుతాయి. రాత్రిళ్లు మాత్రం బొంత మీద రబ్బరు షీటు, దాని మీద మెత్తటి గుడ్డ, పక్కన మడతపెట్టిన ఉచ్చగుడ్డల దొంతర తప్పేవి కావు.

ఇంతవరకూ అందరూ ముచ్చటగా చెప్పుకునే సంగతే. ఆ దొంతర పొద్దున్నకల్లా ఎవరి చేతికి చేరేదన్న దగ్గరే కథ మారుతుంది.

మామూలు రోజుల్లో ఆ పని ఇంట్లో ఆడవాళ్లదే. పురిటి రోజుల్లో మాత్రం గదిలోని గుడ్డలన్నిటికీ మైల అంటుతుందని పట్టింపు. వాటిని ముట్టుకుని, మూటగట్టి, రేవుకు తీసుకెళ్లాల్సింది చాకలి స్త్రీ. చవుడు మట్టి కలిపిన నీళ్లలో నానబెట్టడం, బానలో ఆవిరి పట్టడం, బండ మీద బాదడం, ఎండలో పరచడం ఆ వృత్తిలో భాగం. చవుడులోని క్షారం మురికిని కోస్తే, ఆవిరి వేడి సూక్ష్మజీవుల్ని చంపేది. మిగిలింది ఎండ చూసుకునేది. సూక్ష్మజీవుల పేరు వినని కాలంలోనే పసిపిల్లల గుడ్డల్ని అంత పద్ధతిగా శుభ్రం చేసిన వాళ్లకు ఊరు ఇచ్చింది ఏడాదికోసారి ధాన్యం, పూట పూటకూ మిగిలిన అన్నం. తెలంగాణలో దొరల గడీల కింద ఆ మాత్రం కూడా లెక్క లేదు. గడీలో పురుడైనా పెళ్లైనా చాకలి కుటుంబాలు వెట్టికి పోవాల్సిందే. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటం ఎదిరించిన వాటిలో ఆ వెట్టి ముఖ్యమైనది. పాలకుర్తిలో తన పంటను దొర మనుషుల చేతికి పోనివ్వని చిట్యాల ఐలమ్మ ఆ చాకలి కులంలో పుట్టిన మనిషే. పొత్తిళ్ల గురించి రాసేటప్పుడు ఆ చేతుల్ని వదిలేస్తే చరిత్ర సగమే రాసినట్టు.

మిగతా ప్రపంచంలోనూ బిడ్డ తడిని ఎవరి సౌకర్యం కొద్దీ వాళ్లు దారి పెట్టుకున్నారు. కెనడా అడవుల్లోని క్రీ జాతి తల్లులు ఎండబెట్టిన నాచును తోలుసంచిలో కూరి బిడ్డను అందులో ఉంచేవారు. తడిసిన నాచును పారేసి కొత్తది పెడితే చాలు, ఉతకాల్సిన పనే లేదు. చైనాలో పిల్లలకు కుట్టు విప్పి వదిలేసిన లాగులు తొడుగుతారు. ఐరోపా మాత్రం బిడ్డను బిగించి చుట్టింది. రెండో శతాబ్దపు గ్రీకు వైద్యుడు సొరానస్ పసివాణ్ని గుడ్డ పట్టీలతో ఎలా చుట్టాలో వివరంగా రాశాడు. ఫ్లారెన్స్‌లోని అనాథ శిశువుల ఆశ్రమం గోడ మీద ఆంద్రియా డెల్లా రోబియా 15వ శతాబ్దంలో చేసిన మట్టిబొమ్మల్లో పాపలందరూ అలా పట్టీల్లో చుట్టుకునే కనిపిస్తారు. అంతంత పట్టీలు విప్పి మళ్లీ చుట్టడం పెద్ద పని కాబట్టి బిడ్డ గంటల తరబడి తడిలోనే ఉండిపోయేది. లండన్ అనాథ శిశువుల ఆస్పత్రితో సంబంధమున్న విలియం కాడొగన్ అనే వైద్యుడు 1748లో అచ్చువేసిన పుస్తకంలో ఈ బిగింపు మానేసి, తేలిక బట్టలు వేసి, పిల్లల్ని శుభ్రంగా ఉంచండని గట్టిగా చెప్పాడు. మరో 14 ఏళ్లకు ఫ్రాన్సులో రూసో కూడా అదే పోరు పెట్టాడు. బిడ్డకు కాళ్లూ చేతులూ ఆడించే స్వేచ్ఛ దొరికింది. తల్లికీ పనిమనిషికీ ఉతుకుడు పెరిగింది.

చదరపు గుడ్డను నడుము దగ్గర నిలబెట్టడానికి న్యూయార్క్‌లో ఒక సాధనం పుట్టింది. 1849 ఏప్రిల్ 10న వాల్టర్ హంట్ పిన్నీసుకు పేటెంటు తీసుకున్నాడు. ఒక చివర మెలి, మరో చివర మొనను దాచే తొడుగు, అంతా ఒకే తీగ. నెత్తిన అప్పు ఉండటంతో ఆ హక్కును 400 డాలర్లకు అమ్మేశాడు. ఆ తరవాత వందేళ్లు చాలా దేశాల్లో పసిపిల్లల గుడ్డలు ఆ తీగ మీదే ఆధారపడ్డాయి.

ఇక ఉతుకుడు సంగతి. గుడ్డ సరిగా శుభ్రం కాకపోతే ఏమవుతుందో శాస్త్రీయంగా తేల్చింది అమెరికాలో సెయింట్ లూయిస్ పిల్లల వైద్యుడు జె. వి. కుక్. పిర్రలు ఎర్రగా కమిలి, తెల్లారేసరికి గుడ్డ ఘాటుగా అమ్మోనియా వాసన వేసే పిల్లల్ని పరీక్షించి, మూత్రంలోని యూరియాను అమ్మోనియాగా మార్చే ఒక బాక్టీరియాను ఆయన 1921లో ప్రకటించిన వ్యాసంలో చూపించాడు. గుడ్డ పోగుల్లో దాక్కున్న ఆ జీవిని చంపితే కమలడం తగ్గుతుందన్నాడు. కమలడానికి చర్మం మీద మలంతో కలిసే తడి, రాపిడి, శిలీంద్రాలు కూడా కారణమని తరవాత తెలిసింది. కానీ కుక్ మాట పట్టుకుని ఉతికే చోట మందులు కలపడం మొదలైంది. ఆయన సూచించింది కూడా పాదరసపు లవణమే.

ఆ దారి ఎక్కడికి పోయిందో రెండు ఊళ్లు చెబుతాయి. 1967లో అదే సెయింట్ లూయిస్‌లో ఒక ఆస్పత్రిలో పుట్టిన 9 మంది పసిపిల్లలకు ఒళ్లంతా చెమటలు, జ్వరం, ఆయాసం పట్టుకున్నాయి. ఇద్దరు చనిపోయారు. పిల్లలకు పెట్టిన పాలల్లో, మందుల్లో దోషం లేదు. ఆస్పత్రి లాండ్రీలో చివరి జాడింపు నీళ్లలో బూజు పట్టకుండా కలిపిన మందులో పెంటాక్లోరోఫినేట్ ఉంది. అది గుడ్డలో మిగిలి, లేత చర్మం గుండా ఒంట్లోకి దిగింది. 1980లో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్‌లో గుడ్డలు ఉతికి ఇంటికి పంపే ఒక కంపెనీ బూజు మందుగా పాదరసపు సమ్మేళనం వాడింది. ఆ గుడ్డలు వేల మంది పిల్లలకు చేరాయి. కొందరికి అరచేతులూ పాదాలూ ఎర్రబారి మంటపుట్టే జబ్బు వచ్చింది, మూత్రంలో పాదరసం బయటపడింది. గుడ్డ మీద ప్లాస్టిక్ లాగు బిగించిన పిల్లలకు విషం మరింత ఎక్కింది. గుడ్డ ఎప్పుడూ నిరపాయమేనని నమ్మేవాళ్లు ఈ రెండు సంగతులూ తెలుసుకోవాలి. ఘాటైన మందుల కన్నా నిండుగా జాడించడం, గట్టిగా ఎండబెట్టడం బిడ్డకు మేలు.

గుడ్డలు ఉతికిపెట్టే అలాంటి సంస్థలు అమెరికా పట్టణాల్లో 1930ల్లోనే నిలదొక్కుకున్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆడవాళ్లు ఫ్యాక్టరీలకు వెళ్లినప్పుడు వాటి గిరాకీ పెరిగింది. మురికిగుడ్డలు ఇచ్చి ఉతికినవి తీసుకోవడమే. డబ్బున్న ఇళ్లకు అది వెసులుబాటు. మిగతా ఇళ్లలో బకెట్లు అలాగే ఉన్నాయి.

1946లో కనెటికట్ రాష్ట్రంలోని వెస్ట్‌పోర్టులో మేరియన్ డొనోవన్ అనే యువ తల్లి, పక్కబట్టలు పదే పదే తడిసిపోతుంటే విసిగి, స్నానాల గది కర్టెన్ ఒకటి దింపి కుట్టుమిషను ముందు కూర్చుంది. ఆమె తండ్రీ, ఆయన కవల సోదరుడూ లేతు యంత్రాల ఫ్యాక్టరీ నడిపారు. చిన్నప్పటి నుంచీ పనిముట్ల మధ్య పెరిగిన చెయ్యి అది. అప్పటి రబ్బరు లాగులు బిడ్డ నడుమును కోసేవి, లోపల గాలి ఆడేది కాదు. ఆమె ప్లాస్టిక్ కర్టెన్‌తో మొదలుపెట్టి యుద్ధంలో మిగిలిన పారాచూట్ నైలాన్‌కు వచ్చింది, పిన్నీసుల చోట టిచ్చు బొత్తాలు పెట్టింది. లోపల మాత్రం మామూలు గుడ్డే. తయారీదారులెవరూ ముందుకు రాకపోతే తానే చేయించి 1949లో న్యూయార్క్‌లోని శాక్స్ ఫిఫ్త్ ఎవెన్యూ దుకాణంలో అమ్మకానికి పెట్టింది. 1951లో పేటెంటు వచ్చింది, ఆ ఏడే హక్కులు 10 లక్షల డాలర్లకు అమ్మింది.

అదే కాలంలో ఇంగ్లండులో ఒక సైనికాధికారి భార్య వాలరీ హంటర్ గోర్డన్ మూడో బిడ్డ పుట్టాక, ఉతకడం తన వల్ల కాదనుకుని పారాచూట్ నైలాన్ తొడుగు లోపల పారేయదగిన దూది పొర పెట్టింది. చుట్టుపక్కల ఆర్మీ కుటుంబాల తల్లులు తమకూ కుట్టిపెట్టమన్నారు. 400కు పైగా వంటింటి బల్ల మీదే తయారయ్యాయి. 1949లో ఒప్పందం చేసుకున్న చెస్టర్‌ఫీల్డ్‌లోని రాబిన్సన్స్ సంస్థ వాటిని 'ప్యాడీ' పేరుతో మార్కెట్లోకి తెచ్చింది. ఇద్దరు తల్లులూ వేరు వేరు దేశాల్లో ఇంచుమించు ఒకే సమయంలో ఒకే పారాచూట్ గుడ్డ పట్టుకుని ఒకే సమస్యతో కుస్తీ పట్టారు. ఇంట్లో అందరికన్నా ఎక్కువ ఉతికింది వాళ్లే కాబట్టి ఏం మార్చాలో వాళ్లకే ముందు తెలిసింది.

ఆ తరవాత పెద్ద కంపెనీలు దిగాయి. ప్రోక్టర్ అండ్ గాంబుల్‌లో విక్టర్ మిల్స్ అనే రసాయన ఇంజినీరు నడిపిన పరిశోధనలోంచి వాడి పారేసే డైపర్ పాంపర్స్ పుట్టింది. 1961 డిసెంబరులో ఇల్లినాయ్ రాష్ట్రంలోని పియోరియా ఊళ్లో అమ్మి చూశారు. ఒక్కోటి 10 సెంట్లు. తల్లులకు వస్తువు నచ్చినా ఆ ధర నచ్చలేదు. యంత్రాలు మార్చి 6 సెంట్లకు దించాకే అమ్మకం పుంజుకుంది. బరువుకు ఎన్నో రెట్లు నీళ్లు తాగే పిండి పదార్థాన్ని 1970ల్లో తయారుచేసిన ప్రభుత్వ వ్యవసాయ పరిశోధనశాల కూడా ఆ పియోరియాలోనే ఉంది. ఆ కోవకు చెందిన పాలిమర్లు 1980ల్లో డైపర్ల లోపలికి చేరాక మందం తగ్గింది, రాత్రంతా ఒకటే సరిపోయింది.

మన దగ్గర ఆ డైపర్ ఇంటింటికీ రావడానికి ఇంకొంత కాలం పట్టింది. మొదట ప్రయాణాలకు, పెళ్లిళ్లకు మాత్రమే. తరవాత రాత్రిళ్లకు. ఉద్యోగాలు చేసే కోడళ్లు, చిన్న ఫ్లాట్లు, బాల్కనీలో రెండు తీగలు, దగ్గర్లో లేని అమ్మమ్మ. ఈ పరిస్థితుల్లో కొని పారేసే డైపర్ వాడిన తల్లిని తప్పుపట్టడం అన్యాయం. ఆమె దాచుకున్నది తన నిద్ర.

కానీ పారేసిన దాన్నీ ఎవరో ముట్టుకోవాలి. ఉతికే చేతి నుంచి తప్పిన మురికి చెత్తబండి కార్మికుడి చేతిలో పడింది. 2016 ఘనవ్యర్థాల నిబంధనల్లో కేంద్రం వాడిన డైపర్ల ప్రస్తావన విడిగా తెచ్చింది. తయారీదారులు ఇచ్చే సంచిలోనో, మరో తగిన దానిలోనో బాగా చుట్టి ఇవ్వాలంది. చుట్టకుండా తడిచెత్తలో కలిపేసిన ఇల్లు ఒక్కటున్నా, దాన్ని వేరుచేసే మనిషి చేతులు పాడవుతాయి.

ఇప్పుడు గుడ్డ మళ్లీ వచ్చింది. పైన నీళ్లు దిగని పొరతో చేసిన తొడుగు, బిడ్డ పెరిగే కొద్దీ సైజు మార్చుకునే టిచ్చు బొత్తాల వరసలు, లోపల నూలు మెత్తలు. డొనోవన్ ఊహకు దగ్గరి చుట్టమే. దీనివల్ల పర్యావరణానికి మేలెంతో బ్రిటన్‌లో లెక్కలు కట్టారు. 2008 అధ్యయనంలో ఒక బిడ్డ రెండున్నరేళ్ల వాడకానికి పారేసేవాటి కర్బన భారం సుమారు 550 కిలోలు, ఉతికేవాటిది సుమారు 570 కిలోలు. అంటే ఇంచుమించు సమానం. అయితే మిషను నిండా వేసి ఉతికి, డ్రయర్ మానేసి తీగ మీద ఆరేసి, అవే గుడ్డలు రెండో బిడ్డకూ వాడితే దాదాపు 200 కిలోలు తగ్గుతుందని అదే నివేదిక చెప్పింది. 2023లో వెలువడిన కొత్త లెక్కలో గుడ్డల భారం 25 శాతం తక్కువని తేలింది. తెలుగు నేల మీద ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండ ఉచితం. పెద్దదాని గుడ్డలు చిన్నదానికి దాచడం కొత్తగా నేర్చుకోవాల్సిన పనీ కాదు. బట్టలను మెత్తబరిచే ద్రవాలు వాడితే మాత్రం నూలు తడి సరిగా పీల్చదు, వాటిని దూరం పెట్టాలి.

గుడ్డలకు మారాలనుకునే ఇంట్లో డబ్బులు కట్టే ముందే ఒక మాట తేల్చుకోవాలి. రోజుకు ఎనిమిదో పదో గుడ్డలు, రెండేళ్లకు పైగా. ఇన్నాళ్లూ ఆ లెక్క ఆడవాళ్ల మీద, పనివాళ్ల మీద పడుతూ వచ్చింది. ఇప్పుడు నాన్నలు కూడా వంతు తీసుకోండి. జాడించడం, ఆరేయడం, మడతపెట్టడం ఏ రోజు ఎవరిదో బిడ్డ పుట్టకముందే కాగితం మీద రాసుకోండి.